"మనవాడు కాడు" అనే ముద్ర

గిద్దలూరులో గుంటూరు వైపు రైలెక్కితే కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ దాటాక వినుకొండ వస్తుంది. 1895 సెప్టెంబరు 28న మహాకవి గుర్రం జాషువా గారు పుట్టిన ఊరు అదే. ఆయనను గూర్చి మాట్లాడేముందు ఒక్కసారి జర్మనీ దాకా పోయివద్దాము.

1933 మే 10న బెర్లిన్‌లో విద్యార్థులు పుస్తకాలు కుప్పపోసి తగులబెట్టారు. ఇవి జర్మను ఆత్మకు విరుద్ధమైనవి అన్నారు. హైనే అనే కవి పుస్తకాలు కూడ వాటిలో ఉన్నాయి. ఆయన యూదుడుగా పుట్టి 1825లో లూథరన్ సంఘములో బాప్తిస్మము పొందినవాడు. అయినా ఆ బాప్తిస్మము లెక్కకు రాలేదు, పుట్టుకే లెక్కకు వచ్చింది.

1937లో మ్యూనిక్ నగరంలో సుమారు 650 చిత్రాలను, శిల్పాలను "చెడిన కళ" అని పేరుపెట్టి జనం నవ్వుకోవడానికి ప్రదర్శించారు. నోల్డే అనే చిత్రకారుడు క్రీస్తు జీవితాన్ని తొమ్మిది భాగాలుగా గీసిన పటం అక్కడే వేలాడింది. చిత్రమేమంటే, ఆ నోల్డే నాజీ పార్టీ సభ్యుడే! ముద్ర వేసేవారి పక్కన నిలబడినా ముద్ర తప్పలేదు.

మరి సంఘము? 1934 మే నెలలో బార్మెన్‌లో కూడి ఎదురు నిలిచిన విశ్వాసులున్నారు, దేవునికి స్తోత్రము. కాని 1939లో ఐసెనాక్‌లో క్రైస్తవ పండితులే ఒక సంస్థ పెట్టి, యూదుల వాసన లేని క్రొత్త నిబంధనను, పాటల పుస్తకాన్ని తయారుచేశారు. హల్లెలూయ, హోసన్న అనే మాటలు యూదులవని కొట్టివేశారు. మన కీర్తనలలోనుండి ఆ రెండు మాటలు తీసివేసి పాడిచూడండి!

ఇక వినుకొండకు వద్దాము. జాషువా గారి తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇంటిల్లిపాదీ క్రైస్తవులు. పద్యం చదివితే, ఈ కులంవాడికి కవిత్వమేమిటని సభలో అవమానించారు. అది బయటివారి ముద్ర. ఆయన పురాణ కథలు వ్రాసినప్పుడు, క్రైస్తవుడై ఉండి అన్యుల కథలెందుకు అని నిందించినది మాత్రము మనవారే. ఇక్కడ మంటలు లేవు, చెరసాలలు లేవు, రెండూ ఒకే తూకమని నేననను. అయినా ఒక్క మనిషిని గుడివారు గుడిలోనికి రానీయక, సంఘమువారు సంఘములో ఇమడనీయక నిలబెట్టిన చోటు ఎక్కడో ఆలోచించండి.

1941లో వచ్చిన "గబ్బిలం" ఆ చోటునుండే పుట్టింది. అంటరానివాడు శివునికి మొర పంపదలచి గబ్బిలాన్ని పిలుస్తాడు. తనకు మూసిన గుడిలోనికి అది పోగలదు మరి.

తరువాత చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు, అంతటి బ్రాహ్మణ పండితుడు, స్వహస్తాలతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1958లో జాషువా "క్రీస్తు చరిత్ర" వెలువరించారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది ఆ గ్రంథానికే.