కొండవీటి కొలువూ, గబ్బిలమూ

నల్లపాడు నుంచి నరసరావుపేట దారిన పోయినప్పుడల్లా కొండవీటి కొండలు నన్ను ఆలోచనలో పడవేస్తాయి. పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. ఆ వైభవాన్ని భరించింది రైతు కట్టిన శిస్తు. రెడ్డిరాజ్యం కూలాక ఆ మహాకవికి ముసలితనంలో దారిద్ర్యం తప్పలేదంటారు. ప్రభువిచ్చిన కూడు ప్రభువుతోనే పోయింది.

1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువాకు అగ్రహారాలిచ్చే ప్రభువు లేడు. అంటరానితనం మాత్రం ఉంది. ‘ఫిరదౌసి’ (1932)లో సుల్తాను మాట నమ్మి మోసపోయిన పారశీక కవి కథ చెప్పాడు. ‘గబ్బిలం’ (1941)లో అంటరాని పేదవాడి మొరను శివుడికి పంపాడు.

శ్రీనాథుణ్ణి తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కొలువులను మోసినవాళ్ల గొంతు ఈ సీమ పద్యంలో ఎక్కడుందని వెతికితే, నాకు జాషువా దగ్గర దొరికింది. పద్యం పాతదే, అది ఎవరి పక్షాన నిలిచిందన్నదే కొత్త.