విషాద నాయకుడు: ఓరుగల్లు నుండి మద్దేడ్ దాకా

భోపాలపట్నం నుండి బీజాపూరు పోవు త్రోవలో మద్దేడ్ అను ఊరు కలదు. బస్తరులో తెలుగు వినవచ్చు సీమ యిది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని అచ్చటి రాజవంశపు ఐతిహ్యము. విషాదాంత నాటకమునకు నాయకుడు రాజే కావలెనా, సామాన్యుడు చాలునా అను వాదమునకు ఈ సీమ చరిత్రలోనే సామగ్రి ఉన్నది.

ప్రతాపరుద్రుని మరణమునే చూడుడు. బందీయై ఢిల్లీకి పోవుచు నర్మదాతీరమున మరణించెనని విలస శాసనము. స్వేచ్ఛగా ప్రాణము విడిచెనను సూచన 1423 నాటి కలువచేరు శాసనమున ఉన్నది. ఇంతకన్న విషాద నాయకుడెవడు? అయినను వేదము వేంకటరాయశాస్త్రి 1897 నాటి ‘ప్రతాపరుద్రీయము’లో రాజును చెర విడిపించిరి. నాయకవధ మన లాక్షణికులకు నిషిద్ధము గదా! చిత్రమేమనగా, ఆ నాటకమున మనస్సులో నిలుచువాడు రాజు కాదు, రాజును పోలిన చాకలి పేరిగాడు. వానికి దక్కినది మాత్రము హాస్యమే. విషాదాంతమునకు సాహసించి ‘విషాద సారంగధర’ వ్రాసిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు సయితము రాజకుమారునే ఎన్నుకొనిరి.

దీనిని అరిస్టాటిల్ పేర సమర్థించుట వాడుక. ఉత్సృష్టికాంకమున కరుణము ప్రధానరసమనియు, ప్రాకృతజనులే నాయకులనియు ధనంజయుడు దశరూపకమున విధించిన సంగతి ఏలనో మరచితిమి. 1949లో ఆర్థర్ మిల్లర్ సామాన్యుని పక్షమున వాదించుటకు దాదాపు వేయేండ్ల ముందటి మాట అది.

1859లో భోపాలపట్నం పరిసర జమీందారీల కోయలు, దోర్లాలు సాలవృక్షములు నరకించు గుత్తేదారులను ఎదిరించిరి. నాగుల్ దోర్లా వారి నాయకులలో ఒకడు. అధికారులు దిగివచ్చి గుత్తలు రద్దుచేసిరి. కనుక అది విజయగాథ. 1910 నాటి భూమ్‌కాల్ అట్లు కాదు. నేతానారు గుండాధూర్ చేతికి చిక్కలేదు గాని తిరుగుబాటు అణగిపోయెను. అతని పతనము కొలుచుటకు సింహాసనము లేదు, పోగొట్టుకొన్నది అడవి. అది రాజ్యముకన్న తక్కువదని ఎవరు నిర్ణయింపగలరు?

1966 మార్చి 25న జగదల్పూరు రాజప్రాసాదమున పోలీసు కాల్పులలో, మాతృపక్షమున కాకతీయుడగు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ మరణించెను. ఆయనతో కూడ ఆదివాసులును నేలకొరిగిరి. రాజు కథ నాటకకర్త చేతికి సిద్ధముగా దొరకును: పట్టాభిషేకము, ప్రాసాదము, పదవీచ్యుతి, మరణము. ప్రక్కన పడినవారు ఏ ఊరినుండి నడచి వచ్చిరో, ఏల నిలిచిరో అతడు వెదకి తెలిసికొనవలసి యున్నది.