కలుపు నుంచి కూర దాకా: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత రైతు కుటుంబాల వంట – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కుందూ లోయలోని మెట్ట రైతు కుటుంబాల వంటలో విత్తిన ధాన్యంతో పాటు విత్తకుండా మొలిచిన ఆకులకు, కాయలకు, పండ్లకు స్థిరమైన చోటు ఉంది. వీటిని కేవలం కరువు తిండిగా భావించడం సరికాదని, స్త్రీల కలుపుతీత శ్రమతోను, పొలంపై వారికున్న వాడుక హక్కుతోను ముడిపడిన నిత్యాహారంగా గుర్తించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కుందూ లోయ, మెట్టసేద్యం, కలుపుతీత, ఆకుకూరలు, నల్లమల, స్త్రీల శ్రమ.

1. ఉపోద్ఘాతం:
తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే నల్లరేగడి ప్రాంతంలో నంద్యాల, ఆళ్లగడ్డ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడే వరకు ఇవి కర్నూలు జిల్లాలో భాగాలు. జొన్న, కొర్ర, పత్తి ఇక్కడి పాత మెట్టపంటలు. జొన్నరొట్టె, సంగటి, కొర్రన్నం ఇంటి తిండి. వీటిలోకి కావలసిన కూర ఎక్కడి నుంచి వచ్చేదన్న విషయం వ్యవసాయ చరిత్రలో అరుదుగా చర్చకు వస్తుంది. శిస్తు, దిగుబడి లెక్కలు పంటనే నమోదు చేశాయి. విత్తనిదానికి శిస్తు లేదు గనుక లెక్కా లేదు.

2. కలుపుతీత – కూర:
ముంగారు వానలకు పైరుతో పాటే గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు, గంగపాయలాకు మొలుస్తాయి. సాళ్ల నడుమ కలుపును ఎద్దులు లాగే గుంటకతో మగవారు తొలగించేవారు. సాలులోనే, మొక్కకూ మొక్కకూ మధ్య మొలిచినదాన్ని చేత్తో తీయడం ఆడవారి పని. అందులో లేత ఆకు ఒడిలోకి, ముదిరినది పశువుల మేతకు చేరేది. ఏది తినదగినది, ఏ వయసులో కోయాలి, దేన్ని ఉడికించి నీరు వంపేయాలి అనే జ్ఞానం తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి ఈ పనిలోనే అందింది.

ఆకును పచ్చిమిరపకాయలు, చింతపండుతో ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే పుల్లగూర; కందిపప్పు చేరితే ఆకుపప్పు. ఒకే ఆకు రెండు వంటలుగా మారడంలో ఇంటి ఆర్థిక స్థితి కనిపిస్తుంది. శనగచేలో లేత చిగుళ్లు గిల్లితే మొక్కకు కొమ్మలు పెరుగుతాయి, వంటకు పుల్లని ఆకు దొరుకుతుంది. దాన్ని ఎండబెట్టి నిల్వ చేసుకోవడమూ ఉంది.

కూలికి వెళ్లిన స్త్రీ పరుల పొలంలో ఏరుకున్న ఆకు ఆమెదే. విత్తినది ఆసామిదని, తానుగా మొలిచినది ఏరుకున్నవారిదని వాడుక. కాగితంపై ఎక్కని ఈ హక్కు భూమి లేని ఇంటికి కూలిపై అదనంగా దక్కిన ఆహారం.

3. అడవి – కరువు:
రుద్రవరం, శిరివెళ్ల, అహోబిలం వైపు నల్లమల అంచు గ్రామాలకు రేగు, పరికి, బలుసు, నేరేడు, సీతాఫలం పండ్లు, ఆగాకరకాయలు, చింతచిగురు అందుబాటులో ఉండేవి. తేనె, దుంపల సేకరణలో చెంచులది లోతైన అనుభవం.

అయితే ఏరుకునే ఆహారం ధాన్యానికి ప్రత్యామ్నాయం కాలేదు. 1876–78 నాటి కరువు ఇందుకు నిదర్శనం. 1871, 1881 జనగణనల నడుమ కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగోవంతు తగ్గింది. పైరుకు కావలసిన వానే ఆకుకూ కావాలి. అది తప్పినప్పుడు రెండూ ఎండుతాయి. అప్పుడు మిగిలే ఆసరా అడవి. 1882 మద్రాసు అటవీ చట్టం ప్రభుత్వ రిజర్వు అడవుల్లో ప్రవేశాన్ని, సేకరణను నియంత్రణలోకి తెచ్చింది.

4. కాలువ, బియ్యం, కలుపుమందు:
మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో ప్రారంభించిన కర్నూలు–కడప కాలువను ప్రభుత్వం 1882లో కొనుగోలు చేసింది. వరి విస్తరించిన కొద్దీ నీటి పట్టున పెరిగే పొన్నగంటి వంటి ఆకులు దొరికినా, మెట్టచేల ఆకులకు చోటు తగ్గింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల పళ్లెంలో జొన్న స్థానాన్ని మార్చింది. ఆకలి తీర్చడంలో దాని మేలు కాదనలేనిది; కానీ సంగటితో పాటు దానిలోకి తినే కూరలూ వెనుకబడ్డాయి.

కలుపుమందుల ప్రభావం ఇంకా లోతైనది. పెండిమిథాలిన్ వంటివి మొలకదశలోనే కలుపును అణచివేస్తాయి. పురుగుమందు పడిన చేలో మిగిలిన ఆకూ తినదగినది కాదు. ఆసామికి ఖర్చు తగ్గినచోట కూలి స్త్రీ పనిదినాన్ని, కూరను ఒకేసారి కోల్పోయింది. ఈ నష్టంలో మొదటిదే లెక్కకు వస్తుంది.

5. ముగింపు:
నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది, రేనాడు వంటి కొర్ర రకాలను అందించింది. చిరుధాన్యాలకు మళ్లీ ఆదరణ వచ్చింది. కాని గురుగాకుకు, చెంచలాకుకు ఇటువంటి ఆదరణ లేదు. విత్తనం సంచిలో నిలుస్తుంది. ఆకును గుర్తుపట్టే జ్ఞానం చేలో పనిచేసే మనిషితోనే నిలుస్తుంది. కలుపుతీత ఎరిగిన వృద్ధ స్త్రీల నుంచి ఆకుల పేర్లను, వండే పద్ధతులను, ఏరుకునే హక్కు హద్దులను గ్రామాలవారీగా నమోదు చేయడం ఈ ప్రాంత ఆహార చరిత్రకు తక్షణావసరం.