చలికాలం పొద్దున పాత బండి స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి?

ఒమన్‌లో చలికి బండి ఆగిపోవడమేంటని మస్కట్‌లో ఉన్నవాళ్లు అడగొచ్చు. నిజ్వా దగ్గరి బిర్కత్ అల్ మౌజ్ నుంచి ఘాట్ ఎక్కి జబల్ అఖ్దర్‌లో పనిచేసేవాళ్లకు సంగతి తెలుసు. సైక్ ప్రాంతం సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. జబల్ షమ్స్‌లోనూ అంతే. తోటలకు, హోటళ్లకు, సైట్లకు పాత పికప్‌లు నడిపే డ్రైవర్లకు తెల్లవారుజామున ఇదే తలనొప్పి.

అసలు దెబ్బ ఎండాకాలంలోనే పడుతుంది. వేసవి వేడికి బ్యాటరీ లోపల పాడవుతుంది. చలిలో దాని శక్తి ఇంకా తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు బరువు పెరుగుతుంది. అందుకే బయటపడేది చలికాలంలో.

ముందు శబ్దం వినండి

• టక్ టక్ మని ఆగిపోతే, లేదా సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే: బ్యాటరీ, లేదా టెర్మినళ్లు. తెల్లపొడి పట్టి ఉంటే శుభ్రం చేసి బిగించండి. రాత్రంతా ఆగి ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 కంటే తక్కువుంటే చార్జింగ్ సగం కూడా లేనట్టే.

• డీజిల్ బండిలో సెల్ఫ్ బాగా తిరిగి, సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తూ అందుకోకపోతే: హీటర్ ప్లగ్గులు చూపించండి. తాళం తిప్పాక స్ప్రింగు గుర్తున్న లైటు ఆరేదాకా ఆగి, తర్వాతే సెల్ఫ్ కొట్టండి.

• పొగే రాకపోతే: డీజిల్ అందడం లేదు. ఫిల్టర్‌లో నీళ్లు, పైపులో గాలి ఉన్నాయేమో చూడాలి.

• పెట్రోల్ బండిలో పెట్రోల్ వాసన గుప్పుమంటే: ఇంజిన్‌లోకి ఎక్కువ పోయింది. కొన్ని నిమిషాలు ఆగి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ప్రయత్నించండి.

ఒకసారికి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. లేకపోతే సెల్ఫ్ మోటారు కూడా కాలిపోతుంది.

జంపర్ వైర్లు పెట్టే వరుస

రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు. ముందు ఎర్ర వైరు ఆగిన బండి ప్లస్‌కు, తర్వాత మంచి బండి ప్లస్‌కు పెట్టండి. నల్ల వైరు మంచి బండి మైనస్‌కు, చివరి కొస ఆగిన బండి ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి పెట్టండి. చివరి కొస బ్యాటరీ దగ్గర పెడితే నిప్పురవ్వకు గ్యాస్ అంటుకోవచ్చు. పెద్ద లారీలు, బస్సులు 24 వోల్టులవి, వాటి నుంచి 12 వోల్టుల పికప్‌కు కరెంటు ఇవ్వొద్దు.

ప్రాణాలమీదికి తెచ్చే పనులు

• ఘాట్‌లో దిగువకు వదిలి గేరులో స్టార్ట్ చేయడం. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకుకు, స్టీరింగ్‌కు సాయం అందదు, రెండూ గట్టిపడతాయి.
• హీటర్ ప్లగ్గులున్న డీజిల్ ఇంజిన్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టడం. లోపలే పేలొచ్చు.
• ఇంజిన్ కింద మంట పెట్టడం.
• మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో ఉంచడం, చలికి గదిలో గానీ బండిలో గానీ బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. తలనొప్పి, వాంతి అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రండి. అత్యవసరమైతే 9999కు ఫోన్ చేయండి.

నవంబరులోనే చేయాల్సినవి

కిందికి దిగినప్పుడు నిజ్వాలో బ్యాటరీకి లోడ్ టెస్ట్ చేయించండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి, తక్కువైతే ఆల్టర్నేటర్ చూపించండి. బండి పుస్తకంలో చలికి చెప్పిన ఆయిల్ గ్రేడే వేయించండి. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు తీయించండి.

కంపెనీ బండి అయితే లోపం కనిపించిన రోజే ఫోటోతో సహా సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో రాసి పెట్టండి. నోటిమాటతో సరిపెట్టకండి. తేదీతో ఉన్న ఆ మెసేజ్, రేపు నష్టం మీ మీద వేస్తామంటే చూపడానికి పనికొస్తుంది.