ఒకే ఒరలో రెండు కత్తులు



పద్యాల గురించీ పాఠాంతరాల గురించీ రాసుకొనే ఈ పుటలో కలనయంత్రపు ముచ్చట ఎందుకని మీరు ఆశ్చర్యపోవచ్చు. నిజానికి నేను చెప్పబోయేదీ పాఠాంతరాల చరిత్రే. తాళపత్రాల స్థానంలో తంత్రాంశాలు ఉంటాయి, అంతే.

జపాను దేశస్థుడైన యుకిహిరో మత్సుమోతో 1995లో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషను లోకానికి అందించారు. రూబీ అంటే కెంపు. ఆ భాషలో ఒకరు తయారుచేసిన పనిముట్లను పదిమందీ వాడుకొనేలా కట్టిన మూటలకు, పేరుకు తగ్గట్టే, జెమ్స్ అని పేరు. అంటే రత్నాలు. ఈ రత్నాలను తెచ్చి, భద్రపరచి, అడిగినప్పుడు అందించే భాండాగారికుడు రూబీజెమ్స్. 2003 నవంబరులో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో రూబీ సదస్సు జరిగినప్పుడు చాడ్ ఫౌలర్, జిమ్ వైరిక్, రిచ్ కిల్మర్ ప్రభృతులు దానికి రూపకల్పన చేశారు. 2004 మార్చి 14న అది విడుదలయింది.

ఈ భాండాగారికుడి నియమాలు రెండు. ఒకే రత్నపు పాత కూర్పు, కొత్త కూర్పు, మరో పది కూర్పులు ఉన్నా కొట్లో పక్కపక్కనే భద్రంగా ఉంచుతాడు. అయితే నడుస్తున్న ఒక్కొక్క ప్రోగ్రాములోకి ఆ పేరుగల రత్నాన్ని ఒక్క కూర్పులోనే పంపుతాడు. ముందు ఎవరు అడిగితే వారికి తగిన కూర్పు లోపలికి వెళుతుంది. తరువాత వచ్చినవారు అదే పేరుతో వేరొక కూర్పు కావాలంటే, 'అది ఇదివరకే ప్రవేశించింది, ఇంకొకటి కుదరదు' అని చెప్పి ప్రోగ్రామును ఆపివేస్తాడు. ఇది మొండితనం కాదు. రెండు కూర్పులలోనూ అవే పేర్లు ఉంటాయి కనుక రెండింటినీ రానిస్తే ఒకదాని సగం మీద మరొకదాని సగం పడి, ఏ ప్రతిలోనూ లేని కొత్త పాఠం పుడుతుంది. అటువంటి సంకరం కంటే ఆగిపోవడమే మేలు.

2010 ఆరంభంలో ఈ చిక్కు ఎందరినో ఏడిపించింది. జాలస్థలాలను నిర్మించే రెయిల్స్ 2.3.5 కూర్పుకు రాక్ అనే రత్నం కావాలి. అదీ 1.0 శాఖకు చెందినదే కావాలి. ఇంతలో రాక్ 1.1.0 వెలువడింది. 'ఏ రాక్ అయినా సరే' అనే మరో ఉపకరణం ముందుగా నిద్రలేస్తే, కొట్లో ఉన్నవాటిలో సరికొత్తదైన 1.1.0ను పిలిచేది. ఆ వెనుక వచ్చిన రెయిల్స్ తన 1.0.1ను అడిగితే తలుపు మూసి ఉండేది. నిన్నటిదాకా నడిచిన జాలస్థలం, తనలో ఒక్క అక్షరం మారకుండానే, ఈరోజు ఆగిపోయేది.

మా శంషాబాదు ప్రాంతంలో కొలువు చేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఇటువంటి చిక్కునే నా దగ్గరికి తెచ్చాడు. వాళ్ళ కార్యాలయంలో ఒక పాత ప్రోగ్రాము నిలిచిపోయిందట. ముందురోజు ఆ యంత్రంలో వేరే పనికోసం కొత్త రత్నాన్ని స్థాపించిన కుర్రవాడి మీద నింద పడిందట. "సార్, పాతదీ మంచిగనే ఉన్నది, కొత్తదీ మంచిగనే ఉన్నది. మరి తప్పెవరిది?" అన్నాడు. వాడికి అర్థం కావడానికి, వాడు రోజూ చూసే విమానాశ్రయాన్నే చూపించాను.

నిజాం కాలంలో, 1930ల దశకంలో, పుట్టిన బేగంపేట విమానాశ్రయానికి టిక్కెట్ల మీద వాడే సంకేతం హెచ్.వై.డి. శంషాబాదు విమానాశ్రయాన్ని 2008 మార్చి 14న ప్రారంభించారు. రూబీజెమ్స్ వెలువడిన తేదీకి సరిగ్గా నాలుగేళ్ళు కావడం కేవలం కాకతాళీయం. రాకపోకలు అదే నెల 16న మొదలుకావలసింది, 23కు వాయిదా పడ్డాయి. ఆనాటి నుండి హెచ్.వై.డి. అనే సంకేతం శంషాబాదుకు వచ్చింది, బేగంపేటకు బి.పి.ఎం. అనే వేరొక సంకేతం దక్కింది. ఒకే పేరు మీద రెండు నేలలు ఉంటే ప్రయాణికుడు ఎక్కడ దిగాలి, సామాను ఎక్కడ దిగాలి? బేగంపేటను ఎవరూ కూలగొట్టలేదు. ప్రముఖుల విమానాలకు, సైనిక అవసరాలకు, శిక్షణకు అది మిగిలింది. కొట్లో ఉంది, కానీ ఆ పేరుతో పిలిస్తే పలికేది అది కాదు.

ఆ మార్పు సులభంగా జరగలేదు. బేగంపేటను మూయవద్దని విమానాశ్రయాల ఉద్యోగులు ఆ మార్చి నెలలోనే దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. మూతపడే చోట జీవితాలు ఉంటాయి కనుక వారి ఆవేదన న్యాయమైనదే. అయినా ఆ అర్ధరాత్రి గందరగోళం లేకుండా గడిచిందంటే కారణం ఒకటే. ఏది ఏ క్షణం నుండి చెల్లుతుందో ముందే నిర్ణయించి, రాసి, అందరికీ తెలియజేశారు.

రూబీ లోకానికి అటువంటి ముందస్తు నిర్ణయం బండ్లర్ రూపంలో వచ్చింది. యెహుదా కాట్జ్, కార్ల్ లెర్కె మొదలైనవారు రూపొందించిన ఈ సాధనపు 1.0 కూర్పు 2010 ఆగస్టులో వెలువడింది. అదే నెలలో వచ్చిన రెయిల్స్ 3.0 దానిని తనలో భాగం చేసుకొంది. 2018 నాటి రూబీ 2.6 నుండి అది భాషతోపాటే వస్తోంది. దాని పద్ధతిలో జెమ్‌ఫైల్ అనే పత్రం మన కోరికల చిట్టా. బండ్లర్ ఆ కోరికలన్నింటినీ ఒకేసారి పరిశీలించి, అందరికీ సమ్మతమైన ఒక్కొక్క కూర్పును ఎంచి, జెమ్‌ఫైల్ డాట్ లాక్ అనే రెండో పత్రంలో నమోదు చేస్తుంది. ప్రోగ్రామును 'బండిల్ ఎగ్జిక్' అనే ఆజ్ఞతో నడిపితే ఆ పత్రంలో ఉన్నవే లోపలికి వెళతాయి. ఎవరు ముందు లేచారన్న దానితో నిమిత్తం లేదు.

సాహితీపరులకు ఇది కొత్త విషయం కాదు. 1829లో వేమన పద్యాలను అచ్చువేసిన బ్రౌను దొర ముందు ఒకదానితో ఒకటి సరిపడని రాతప్రతులు ఎన్నో ఉండేవి. ఒకే పద్యానికి రెండు పాఠాలు కనబడతాయి. రెండింటికీ గణాలు కుదురుతాయి, యతి కుదురుతుంది. అయినా ఒకే పాదంలో రెండూ ఇమడవు. పరిష్కర్త ఒకదానిని నిలిపి, మిగిలినదానిని అధోజ్ఞాపికలో భద్రపరుస్తాడు.

కనుక నా విద్యార్థికి చెప్పిన మాట ఇది. యంత్రం ఇచ్చే దోషసూచనలో రెండు కూర్పుల అంకెలు ఉంటాయి: ఇదివరకే ప్రవేశించినది ఒకటి, ఇప్పుడు అడుగుతున్నది మరొకటి. రెండూ చదవండి. మొదటిదాన్ని పిలిచిందెవరో ఆరా తీయండి. తరువాత, ఇద్దరికీ సరిపడే కూర్పును ఎంచి పత్రంలో రాసిపెట్టండి. కొత్త రత్నాన్ని తెచ్చిన కుర్రవాడు కొట్లో ఒక వస్తువు పెట్టాడు, అంతే. ఏ వస్తువు ఎవరికి చెల్లుతుందో రాసిపెట్టవలసిన పత్రం అక్కడ ఎన్నాళ్ళుగానో లేదు. ఆ లోటు అందరిదీ, నింద ఒక్కడి మీద మోపడం ధర్మం కాదు.