మల్లవిద్యకు పోషకులెవరు?

మిక్కిలి బలవంతుని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మనవారు "వాడు జగజెట్టి" అంటారు. నగరం, రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతాల పెద్దల నోట ఈ మాట మేము పలుమార్లు విన్నాము. జెట్టి అనగా మల్లుడు. కుస్తీ పట్టుటయే కులవృత్తిగా బ్రతికినవారి పేరది. కేవలము కండబలముతో ఒక వృత్తి నిలువదు. దానిని కూడు పెట్టి పోషించేవారు కావాలి. ఆ పోషకుడు మారినప్పుడల్లా మల్లవిద్య ఏ రూపు దాల్చినదో ఈ ప్రసంగంలో మనవి చేస్తాము.

తొలి పోషకుడు రాజు. విరాటుని కొలువులో వలలుడై వంటలు చేసిన భీముడు సైతము రాజసభ యెదుట జీమూతుడనే మల్లునితో తలపడవలసి వచ్చినది. పురాణము నుండి చరిత్రకు వత్తాము. 1515లో కొండవీడు జయించిన శ్రీకృష్ణదేవరాయలను, ఆ తరువాత కొద్దియేండ్లకే, సుమారు 1520లో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు చూచినాడు. రాయలు తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒంటికి నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, పిదప తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవాడని అతడు వ్రాసినాడు. మహర్నవమి ఉత్సవాలలో మల్లులు పండ్లు రాలేటట్లు, కండ్లు పోయేటట్లు ముష్టిఘాతాలకు దిగేవారనీ, వారికి నాయకులు, తీర్పరులు ఉండేవారనీ కూడ అతడు చెప్పినాడు. కాబట్టి అది నియమము లేని కొట్లాట కాదు. రాజ్యము తన బలాన్ని ప్రజల కన్నులకు చూపుకొనే కొలువు.

రాజ్యము పోయినది. మరి జెట్టి యేమైనాడు? 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులముల గ్రంథములో దీనికి సమాధానము దొరుకుతుంది. జెట్టీలు తెలుగువారనీ, తంజావూరులో అరవవారి నడుమ ఉండికూడ తెలుగే మాట్లాడుతారనీ అందులో ఉన్నది. తెలుగు జిల్లాలలో వారు నూనెలు, లేపనాలు మర్దించి నరముల నొప్పులు పోగొట్టి జీవించేవారట. ప్రత్యర్థిని పడగొట్టుటకు ఏ కీలు ఎక్కడ ఉన్నదో నేర్చిన చేతులే తరువాత రోగి నొప్పిని తీర్చినవి. మైసూరు ప్రభువుల ఆశ్రయము దొరికినవారు దసరాలో వజ్రముష్టి పోరు నిలుపుకొన్నారు. పిడికిట కొమ్ముతో చేసిన ఆయుధము ధరించి, తలపై తొలి నెత్తురు చిందగానే ముగించే పోరు అది. విజయదశమి నాడు రాజభవన ప్రాంగణంలో అది నేటికీ జరుగుతున్నది.

రెండవ పోషకుడు టిక్కెట్టు కొన్న సామాన్యుడు. తెలుగునాట ఈ మలుపునకు గురుతు కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, ఉపాధ్యాయుడుగా పనిచేసిన ఆయన పిదప సర్కసు సంఘాన్ని స్థాపించినారు. మల్లవిద్యలో ఆరితేరిన ఆ దేహము డేరాలో ఇనుపగొలుసులు తెంచినది. ఏనుగును రొమ్ముపై నిలిపినది. పరుగెత్తబోయే మోటారు కార్లను ఆపినది. పరపాలనలో తమ బలాన్ని తామే శంకించుకొంటున్న జనానికి అది వినోదమే కాదు, ధైర్యము కూడ. కలియుగ భీముడని ఆయనను కొనియాడినారు.

అదే కాలాన 1910లో పంజాబు సీమకు చెందిన గామా లండనుకు వెళ్లినాడు. స్టానిస్లాస్ జిబిస్కో అనే పోలెండు మల్లుడు సెప్టెంబరు 10న అతనికి చిక్కకుండ రెండున్నర గంటలకు పైగా చాపను కరచుకొని పడుకొన్నాడు. వారము తిరిగిన తరువాతి పోటీకి రానేలేదు. పోరు నిజమైనదే గాని, చూచేవారికి విసుగు. ఈ చిక్కును అమెరికా వర్తకులు 1920ల నాటికి మరొక విధంగా విప్పినారు: కాలపరిమితి, మెరుపు పట్లు, ముందే నిర్ణయించుకొన్న ఫలితము. పందెము నాటకమైనది.

ఆ త్రాళ్ల చట్రపు కుస్తీలోనే మన దేశంలో దారాసింగు, కింగుకాంగు పేర్లు 1950లలో మారుమ్రోగినవి. 1968 మే 29న బొంబాయిలో లూ థెజ్‌పై దారాసింగు గెలిచి ప్రపంచ విజేత అనిపించుకొన్నాడు. దీనిని వట్టి బూటకమని కొట్టివేయుట సులభము. ఫలితము ముందే తెలిసినా, పడే దేహము మాత్రము నిజంగానే పడుతుంది.

కోడి రామమూర్తి ఒడిశాలోని బలంగీరులో 1942లో కన్నుమూసినారు. గామా 1960లో లాహోరులో, ఇబ్బందుల నడుమ మరణించినాడు. ఏనుగును మోసిన రొమ్ము కూడ ముసలితనాన్ని ఒంటరిగా మోయలేదు. శ్రీకాకుళంలో క్రీడాప్రాంగణానికి రామమూర్తి పేరు పెట్టుకొన్నాము, మంచిదే. అయితే గోదాలో దిగిన పిల్లవానికి చప్పట్లు చరచినంతసేపు, వాని పాలకూ పండుకూ, రేపటి వార్ధక్యానికీ ఎవరు పూచీ అని కూడ ఆలోచించుదాము. రాజు తన జెట్టికి ఆ పూచీ కొంత పడినాడు. టిక్కెట్టు కొన్న మనము ఇంకను పడవలసియున్నది.