కొరాపుట్‌లో దొమ్మ వ్యాధి: ముప్పు అడవిలోనా, కళేబరం దగ్గరా?

2015 మే, జూన్ నెలల్లో ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో చర్మానికి సోకే ఆంత్రాక్స్ ప్రబలింది. మన రైతులు దొమ్మ వ్యాధి అనేది దీన్నే. మొదట పురుగు కుట్టినట్టు చిన్న దద్దురు లేచి దురద పెడుతుంది. తర్వాత నీటి పొక్కు అవుతుంది. పొక్కు చితికాక మధ్యలో నల్లటి చెక్కు కడుతుంది, చుట్టూ బాగా వాస్తుంది. నొప్పి మాత్రం ఉండదు. అందుకే ఆసుపత్రికి వెళ్లాలన్న తొందరా పుట్టదు. వైద్యం అందకపోతే ఈ రకం ఆంత్రాక్స్‌లో నూటికి ఇరవై మంది దాకా చనిపోవచ్చు. వేళకు యాంటీబయాటిక్ పడితే దాదాపు అందరూ కోలుకుంటారు.

ఇంటింటికీ తిరిగి వెతికిన పరిశోధకులకు 81 కేసులు కనిపించాయి. ముగ్గురు చనిపోయారు. రోగుల్లో 89 శాతం మగవాళ్లు. వీరిలో 37 మందిని, ఆ ఇరుగుపొరుగునే ఉంటూ జబ్బు పడని 74 మందితో పోల్చారు. జబ్బుచేసిన పశువు కళేబరాన్ని పూడ్చడం, తోలు ఒలవడం, ముక్కలు కొట్టడం వంటి పనులకూ వ్యాధికీ మధ్య అవకాశాల నిష్పత్తి (జబ్బుపడ్డవాళ్లు ఆ పని చేసి ఉండే అవకాశం, జబ్బుపడనివాళ్లకన్నా ఎన్ని రెట్లో చెప్పే లెక్క) 342 అని తేలింది. అలాంటి పశువు మాంసం తినడం విషయంలో అది 14.5.

342 అన్న అంకెను ఉన్నదున్నట్టు పట్టుకోకూడదు. పోల్చిన మనుషులు తక్కువ కాబట్టి అసలు విలువ సుమారు 40 నుంచి 1,900 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. కానీ కింది అంచు నలభైనే తీసుకున్నా అది చిన్న ముప్పు కాదు. మాంసం సంగతి ఇంకాస్త చిక్కు. కోసినవాళ్లే తింటారు కనుక రెండు ముప్పులూ కలిసిపోతాయి. తినడమే ప్రధాన దారి అయితే ఆడవాళ్లూ పిల్లలూ ఇంతకన్నా ఎక్కువగా జబ్బుపడి ఉండాలి. కోత పని మగవాళ్లది కాబట్టే పుండ్లూ వాళ్లకే ఎక్కువ వచ్చాయని నేను అనుకుంటున్నాను. అలాగని తినడం క్షేమమని తేల్చలేం. ఈ అధ్యయనం చర్మం మీద పుండు ఉన్నవాళ్లనే కేసుగా లెక్కించింది. పేగులకు సోకే ఆంత్రాక్స్ ఆ లెక్కలోకి రాదు. పైగా ఈ సూక్ష్మజీవి సిద్ధబీజాలు (స్పోర్లు) మామూలు వంట వేడికి చావకపోవచ్చు.

ప్రయోగశాల సాక్ష్యానికీ హద్దు ఉంది. 20 పుండ్ల నమూనాల్లో ఏడింటిలో వెదురు కణుపుల్లా వరుసగా అతుక్కున్న కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా మైక్రోస్కోపు కింద కనిపించింది. అది ఆంత్రాక్స్ పోలిక. తిరుగులేని నిర్ధారణకు కల్చరో, జన్యు పరీక్షో కావాలి.

ఇందులో అడవి జంతువుల పాత్ర ఎంత? ఆంత్రాక్స్ గడ్డి మేసే జంతువులన్నిటికీ వస్తుంది, సాధుజంతువని, వన్యమృగమని తేడా లేదు. 2022 జూన్‌లో కేరళలోని అతిరప్పిళ్లి అడవిలో అడవిపందులు దీనితోనే చనిపోయాయని పరీక్షల్లో తేలింది. 2011లో జాంబియాలోని చామా జిల్లాలో చచ్చిన నీటి ఏనుగుల మాంసం వల్ల ఐదు వందల మందికి పైగా జబ్బుపడినట్టు అనుమానించారు. అయితే కొరాపుట్ అధ్యయనంలో బయటపడ్డ ముప్పు పెంపుడు పశువులది. పైగా వన్యమృగంలో దీని జాడ దొరికినంత మాత్రాన అది రోగాన్ని మోస్తున్నట్టు కాదు. నమీబియాలోని ఎటోషా జాతీయ పార్కులో సింహాల రక్తంలోనూ ఆంత్రాక్స్ ప్రతిరక్షకాలు కనిపించాయి. అంటే ఆ మృగానికి ఎప్పుడో సూక్ష్మజీవి తగిలి, అది బతికి బయటపడిందన్నమాట. ఇప్పుడు దాన్ని మోసుకు తిరుగుతోందని కాదు. వన్యప్రాణుల గురించి వచ్చే భయాల్లో ఈ రెండూ తరచూ ఒకటైపోతాయి.

బతికున్న జంతువు కన్నా చచ్చినదాన్ని కోయడం ఎందుకు ప్రమాదమో సూక్ష్మజీవి నడతే చెబుతుంది. కళేబరం మూసి ఉంటే లోపలి బ్యాక్టీరియా కుళ్లుతో పాటు చాలావరకు నశిస్తుంది. కోసి నెత్తురు గాలికి తగలనిస్తే అది సిద్ధబీజాలుగా మారి, మట్టిలో దశాబ్దాలు ఉండిపోతుంది. స్కాట్లండ్ తీరంలోని గ్రూనార్డ్ దీవిలో 1942లో ప్రయోగాల కోసం చల్లిన బీజాలను 1986లో ఫార్మాల్డిహైడ్ పోసి శుద్ధి చేశారు. 1990 దాకా దాన్ని సురక్షితమని ప్రకటించలేదు. ఒక గడ్డిబీటిలో కోసిన ఎద్దు ఏళ్ల తర్వాత మేసే మందకూ ముప్పే.

నల్ల చెక్కు కట్టిన ప్రతి పుండూ ఆంత్రాక్స్ కాదు. ఒడిశాలో, మన రాష్ట్రాల్లో కనిపించే స్క్రబ్ టైఫస్‌లోనూ నొప్పి లేని నల్ల చెక్కు ఉంటుంది. సాధారణంగా అది చంక, గజ్జ వంటి మరుగు చోట్ల, జ్వరంతో పాటు వస్తుంది. ఇక్కడ నింద ఎలుక మీద పడుతుంది. నిజానికి ఆ సూక్ష్మజీవి తరతరాలుగా నిలిచేది ఎలుకను కుట్టే చిగ్గర్ పురుగుల్లో, తల్లి నుంచి గుడ్లకు పాకుతూ. డాక్సీసైక్లిన్ రెండు జబ్బులకూ పనిచేస్తుంది, పెన్సిలిన్ స్క్రబ్ టైఫస్‌కు పనిచేయదు. పుండు ఎక్కడుందో వెతికి చూడటం, పశువును కోశావా అని అడగడం రెండూ వైద్యానికి అవసరమే.

1936 దాకా కొరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోవే. 1992లో పాత కొరాపుట్ నుంచి రాయగడ వేరు జిల్లా అయింది. రాష్ట్రాలు వేరైనా కొండలు ఒకటే, విశాఖ మన్యానికీ ఆంత్రాక్స్ కొత్త కాదు. కొరాపుట్‌లో మనుషుల ఆంత్రాక్స్‌ను నిర్మూలించడానికి భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం మనుషుల వైద్యాన్నీ పశువైద్యాన్నీ కలిపి ఒక కార్యక్రమం చేపట్టింది. దానికి మూలాధారం పశువులకు ఏటా వేసే టీకా. 1930లలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన ఆ రకం బ్యాక్టీరియాతోనే ఇప్పటికీ ఎక్కువ దేశాల్లో పశువులకు టీకా వేస్తున్నారు.

తినొద్దు, కోయొద్దు అని చెబితే సరిపోతుందని నేను అనుకోను. దుక్కిటెద్దు చస్తే ఆ ఇంటికి సాగు పోయినట్టే. మిగిలేది మాంసం, తోలు. వాటినీ పూడ్చిపెట్టమన్నప్పుడు ఆ నష్టం ఎవరు భరిస్తారో కూడా చెప్పాలి. చచ్చిన పశువు గురించి కబురు పెట్టిన రైతుకు పరిహారం, అదే వారంలో చుట్టుపక్కల మందలకు టీకా, గొయ్యి తవ్వేవాళ్లకు చేతి తొడుగులు ఇవ్వాలి. అడవిలో చచ్చిపడి ఉన్న పంది విషయంలోనూ కబురు చేరాల్సిన చోటేదో ఊరికి ముందే తెలిసి ఉండాలి.